రాత్రి బాగున్న డబ్బాలు పొద్దునకల్లా అంచులు పగులుతున్నయ్: తప్పు డైలనా, షీట్‌లనా?

బాలానగర్_ప్రెస్
చిన్న షెడ్డు మాది. 150 టన్నుల హైడ్రాలిక్ ప్రెస్ ఒక్కటే, కింద కుషన్ (షీట్ అంచును అదిమి పట్టేది) ఉంది. స్టీల్ డబ్బాలు చేస్తం. పప్పుల డబ్బా సైజు: 180 మి.మీ. వ్యాసం, 160 ఎత్తు, 22 గేజ్ (0.7 మి.మీ.) షీట్. 395 సర్కిల్ (గుండ్రటి షీట్ ముక్క) పెట్టి మొదటి డ్రాల, అంటే షీట్‌ను డై (అచ్చు) లోపలికి గుంజుడుల, 215 వ్యాసంకు తెస్తం, రెండో డ్రాల 180కి. నడుమ అనీలింగ్ (బట్టీల కాల్చి మెత్తగ చేసుడు) లేదు. రెండేండ్ల నుంచి ఇదే డై, ఇదే పద్ధతి, ఏ రంది లేకుండె.

డిసెంబర్ నుంచి షురూ అయింది. సాయంత్రం ట్రిమ్మింగ్ చేసి, తుడిచి, వరుసగ బోర్లించి పోతం. అప్పటికి చిన్న గీత గూడ ఉండదు. పొద్దున షటర్ లేపి చూస్తే పగుళ్లు. మొన్న 300ల 41. అంచు కాడ మొదలై నిలువుగ కిందికి దిగుతది. కొన్నిటికి ఇంచు, కొన్నిటికి సగం దాక. ఎవ్వరు ముట్టుకోలే, ఒక్కటి కింద పడలే. రాత్రి రెండింటప్పుడు లోపల 'టక్కు, టక్కు' అని సప్పుడైందట. వాచ్‌మన్ తాత ఎలుకలనుకొని టార్చి ఏసి చూసిండట.

నెలాఖరుకు 2000 డబ్బాలు ఇయ్యాలె. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

డైఫిట్టర్_కుషాయిగూడ
డై అంచు వంపు రేడియస్ ఎంత? పంచ్‌కి (షీట్‌ని డైలోకి తోసేది), డైకి మధ్య సందు, అంటే క్లియరెన్స్ ఎంత? డై దేంతో చేశారు? రెండేళ్లు నడిచిందంటే అంచు అరిగి ఉంటుంది. వేలితో తడిమి చూడండి, గోరుకి గీత తగిలితే పాలిష్ చేయాల్సిందే.

బాలానగర్_ప్రెస్
@డైఫిట్టర్: రేడియస్ 5 మి.మీ., క్లియరెన్స్ 0.8. డై హెచ్‌సీహెచ్‌సీఆర్ (గట్టి టూల్ స్టీల్), 60 హార్డ్‌నెస్. పోయిన నెలనే పాలిష్ కొట్టించిన, అద్దం లెక్కుంది. మొదటి డ్రాకు గేజ్‌ల 30 టన్నుల దాక చూపిస్తది, కుషన్ 10.

బెజవాడ_ఆటోనగర్
కుషన్ బిగువు ఎక్కువైందేమో బ్రో. మా దగ్గర లారీ డీజిల్ ట్యాంకు మూతలకి అలాగే అయ్యేది. తగ్గించాక పోయింది.

డైఫిట్టర్_కుషాయిగూడ
కాదు, లెక్క సరిపోయింది. 215 వ్యాసం, 0.7 మందం, చదరపు మిల్లీమీటరుకి 600 న్యూటన్ల బలం అనుకుంటే 29 టన్నులు వస్తుంది. కుషన్ మీద కూర్చుని షీట్‌ని అదిమి పట్టే హోల్డర్‌కి అందులో మూడోవంతు. ఆయన పెట్టింది అదే. డై రేడియస్ కూడా మందానికి ఏడు రెట్లుంది, బాగానే ఉంది. నా మొదటి అనుమానం వెనక్కి తీసుకుంటున్నాను.

పూణె_స్టాంపింగ్
బెజవాడ బ్రో చెప్పిన కేసు వేరు. కుషన్ బిగిస్తే పంచ్ మూల దగ్గర, అంటే డబ్బా అడుగు వంపులో చీలుతుంది. అదీ ప్రెస్‌లో ఉండగానే, ఆపరేటర్ కళ్ల ముందే. కుషన్ వదులైతే అంచున ముడతలు. ఇక్కడ రెండూ కావు. ప్రెస్ దిగి వచ్చినప్పుడు డబ్బా నున్నగా ఉంది, పగిలింది ఎనిమిది గంటల తర్వాత.

అంచు సంగతి ఒకసారి ఆలోచించండి. 395 సర్కిల్ చుట్టుకొలత 1241 మి.మీ. అదే అంచు 180 డబ్బాకి వచ్చేసరికి 565 మి.మీ.లో ఇమడాలి. సగానికి పైగా కుంచించుకుపోయిన లోహం అది. డబ్బా మొత్తంలో ఎక్కువ నలిగింది ఆ పై అంగుళమే. డై నుంచి బయటపడ్డాక విచ్చుకోవాలని చూస్తుంది, చుట్టూ ఉన్న గోడ వదలదు. ఆ బిగువు లోపలే ఉండిపోతుంది.

రాణీగంజ్_నూనెలు
నూనె కూడా చూసుకోండి. స్టెయిన్‌లెస్‌కి మామూలు 68 నంబర్ హైడ్రాలిక్ ఆయిల్ పూసి లాగేవాళ్లను చూశాను, అది డ్రాకి పనికిరాదు. డై వైపు పీవీసీ ఫిల్మ్ అంటించి లాగండి, గీతలు కూడా పడవు. పంచ్ వైపు పొడిగానే వదిలేయండి. అక్కడ రాపిడి ఉంటేనే పంచ్ షీట్‌ని పట్టుకుంటుంది, అడుగు పలచబడదు.

బాలానగర్_ప్రెస్
ఫిల్మే వాడుతున్న అన్నా. పంచ్ వైపు ఏం పూయ.

లోహం_మాస్టారు
విశాఖలో ముప్పై ఏళ్లు మెటలర్జీ పాఠం చెప్పి రిటైరయ్యాను. మూడు విషయాలు చెబితే మీ సమస్య ఏమిటో చెప్పగలను.

ఒకటి, బిల్లులో గ్రేడ్ ఏమని ఉంది? రెండు, పగిలిన డబ్బా అంచుకి, అడుగుకి, వాడని సర్కిల్‌కి అయస్కాంతం పెట్టి చూడండి, తేడా ఉందా? మూడు, ఇదే కాయిల్ వేసవిలో లాగారా?

బాలానగర్_ప్రెస్
మాస్టారూ, ఇప్పుడే స్పీకర్ మాగ్నెట్ పెట్టి చూసిన. కొత్త సర్కిల్‌కు అసలు అంటుకుంటలేదు. డబ్బా అడుగుకు గూడ లేదు. గోడ మీద పైకి జరుపుకుంట పోతే సగం కాడ మెల్లగ పట్టుడు మొదలైతది, అంచు కాడికి పోయేసరికి టప్పున అంటుకుంది. చేతితోని గుంజాల్సొచ్చింది. నా కండ్లతోని చూసిన గని నాకే నమ్మబుద్ధి అయితలేదు. ఒకటే షీట్ గదా!

బిల్లు మీద 'ఎస్ఎస్ సర్కిల్' అనే ఉంది, గ్రేడ్ రాయలే. నోటితోని 304 అన్నరు. ఇది కొత్త లాట్, నవంబర్‌ల వచ్చింది, వేసవిల లాగింది వేరేది.

లోహం_మాస్టారు
అయితే దీన్ని డిలేడ్ క్రాకింగ్ అంటారు. ఆలస్యంగా పగలడం. కాస్త ఓపిగ్గా చదవండి.

మనం వంటపాత్రలకి వాడే స్టెయిన్‌లెస్ ఆస్టెనైట్ అనే అమరికలో ఉంటుంది. దానికి అయస్కాంతం అంటదు. ఆ అమరిక గది ఉష్ణోగ్రత దగ్గర నిలబడడానికి ఊతం నికెల్. నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచితే షీట్ చవక అవుతుంది, పైకి అదే మెరుపు. కానీ ఊతం బలహీనం. గట్టిగా నలిపితే ఆస్టెనైట్ కాస్తా మార్టెన్‌సైట్‌గా మారిపోతుంది. అది గట్టిది, పెళుసు, అయస్కాంతానికి అంటుతుంది. మీ డబ్బాలో ఎక్కువ నలిగింది అంచే, అందుకే మీ స్పీకర్ మాగ్నెట్ అక్కడ పట్టుకుంది.

పెళుసైన అంచు, పూణె తమ్ముడు చెప్పిన లోపలి బిగువు, లోహంలో పరమాణువులుగా ఇరుక్కున్న కాస్త హైడ్రోజన్. ఈ మూడూ కలిస్తే పగులు వెంటనే రాదు. హైడ్రోజన్ నెమ్మదిగా బిగువు ఎక్కువున్న చోటికి చేరడానికి గంటలు పట్టవచ్చు, రోజులు పట్టవచ్చు. మీ వాచ్‌మన్ విన్నది ఎలుకల్ని కాదు, మీ డబ్బాల్నే.

చలి సంగతి ఎందుకు అడిగానంటే, ఈ మార్పు చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ జరుగుతుంది. వేసవిలో డై, షీట్ నలభై డిగ్రీలతో మొదలవుతాయి, డిసెంబర్ పొద్దున పదిహేనుతో. ఆ తేడాకే అంచులో మార్టెన్‌సైట్ గణనీయంగా పెరుగుతుంది.

డైఫిట్టర్_కుషాయిగూడ
మాస్టారూ, ఇక్కడ ఒప్పుకోలేను. ముప్పై ఏళ్లుగా అసలు సిసలు 304 లాగుతున్నాం. దాని అంచు కూడా మాగ్నెట్‌కి అంటుతుంది. ఒక్కటీ పగల్లేదు. మాగ్నెట్ అంటినంత మాత్రాన షీట్ నకిలీ అనేస్తే ఎట్లా? సప్లయర్ పరువు పోతుంది కదా.

లోహం_మాస్టారు
మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. 304 కూడా డీప్ డ్రాలో కొంత మారుతుంది. మాగ్నెట్ గ్రేడ్ చెప్పదు, ఎక్కడ ఎంత మారిందో మాత్రమే చూపిస్తుంది. గ్రేడ్‌కి వేరే పరీక్ష కావాలి.

తేడా నికెల్‌లో ఉంది. 304లో నికెల్ 8 శాతం నుంచి మొదలు. 201లో 3.5 నుంచి 5.5, మాంగనీస్ 5.5 నుంచి 7.5. ఇంకా తక్కువ నికెల్‌వి కూడా మార్కెట్లో ఉన్నాయి. 304లో వచ్చే మార్టెన్‌సైట్ తక్కువ, అంత పెళుసు కాదు. అందుకే మీ ముప్పై ఏళ్ల అనుభవంలో పగల్లేదు.

ఇంకో మాట. 201 లాంటి 200 సిరీస్ నకిలీ కాదు. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్‌లో పాత్రల స్టెయిన్‌లెస్ షీట్‌కి ఐఎస్ 5522 ఉంటే, తక్కువ నికెల్ షీట్‌కి ఐఎస్ 15997 అని ప్రత్యేక ప్రమాణమే ఉంది. అమ్మడం తప్పు కాదు. 304 అని చెప్పి అది అమ్మితే తప్పు.

బెజవాడ_ఆటోనగర్
టెస్టు చుక్కల మందు దొరుకుతుంది కదా బ్రో, చిన్న సీసా, 9 వోల్టుల బ్యాటరీ. షీట్ మీద చుక్క వేసి బ్యాటరీ ఆనిస్తే 200 సిరీస్ ఎర్రబడుతుంది. స్క్రాప్ కొనేవాళ్ల జేబులో ఎప్పుడూ ఉంటుంది.

గోదారి_ఇత్తడి
మాస్టారు చెప్పింది చదువుతుంటే ఒళ్లు జలదరించిందండీ. మాది అజ్జరం దగ్గర ఊరు, ఇత్తడి పని. మా తాతగారు ఇత్తడి బిందెలు చేసేవారు. ఒక వానాకాలం అమ్మకానికి కొట్టిపెట్టిన బిందెలు అటక మీద వాటంతటవే నిలువునా పగిలాయి. అటక పక్కనే గొడ్ల సావిడి. దిష్టి అన్నారు, గుమ్మడికాయ కొట్టారు. ఆ తర్వాత తాతగారు ఒక పెద్దాయన మాట విని, కొట్టడం అయ్యాక ప్రతి బిందెనీ ఊక మంట మీద కాసేపు తిప్పి దింపేవారు. ఎర్రగా కాదు, చెయ్యి పెట్టలేనంత వేడి, అంతే. మళ్లీ ఒక్కటీ పగల్లేదు. ఎందుకో మాకు తెలీదు.

లోహం_మాస్టారు
@గోదారి_ఇత్తడి: మీ తాతగారు చేసింది స్ట్రెస్ రిలీవింగ్. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉన్న ఇత్తడికి 250 నుంచి 300 డిగ్రీల దగ్గర చేస్తే లోపలి బిగువు పోతుంది, గట్టిదనం పోదు.

గొడ్ల సావిడి కూడా నిజమైన కారణమే. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ, ఇత్తడిలోని బిగువు కలిస్తే పగులుతుంది. ఇంగ్లీషు వాళ్ల కాలంలో మన దేశంలో సైన్యం తుపాకీ తూటాల ఇత్తడి గొట్టాలని గుర్రపుసాలల దగ్గర నిలవ చేసేది. వానాకాలం వచ్చేసరికి అవి పగిలేవి. ఆ కాలానికే పగులుతున్నాయని దానికి 'సీజన్ క్రాకింగ్' అన్న పేరు వచ్చింది. అమ్మోనియానే కారణమని 1921లో తేల్చారు. తూటా గొట్టం కూడా డీప్ డ్రాతో చేసిందేనండీ, మన డబ్బా లాగే.

గోదారి_ఇత్తడి
ఈ మాట మా నాన్నకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా నాన్నకి తెలిసే చేశాడన్నమాట" అన్నారు.

బాలానగర్_ప్రెస్
సీసా తెప్పించి టెస్టు చేసిన. చుక్క ఎర్రగయింది. పాత లాట్ ముక్క ఒకటి మూలకు పడుంటే దాని మీద గూడ చేసిన, అది ఎర్రబడలే.

సప్లయర్‌ను అడిగితే 'నేను 304 అని ఎప్పుడన్న రాసిచ్చిన్నా' అంటున్నడు. రాసియ్యలే, నిజమే. నేను గూడ ధర తక్కువున్నదని సంబరపడి తీసుకున్న, ఎందుకు తక్కువో అడగలే. ఇప్పుడు నా దగ్గర 900 సర్కిళ్లు ఉన్నయ్. పారేయలేను. వీటిని ఎట్ల కాపాడుకోవాలె?

ఇంకో భయం. ఈ లాట్‌ల 600 డబ్బాలు ఇప్పటికే షాపులకు పోయినయ్.

డైఫిట్టర్_కుషాయిగూడ
ఆ 600 గురించి ముందు షాపులకి ఫోన్ చేయండి. ఇంట్లో అల్మారాలో పగిలిందంటే ఆ అంచు బ్లేడు లాంటిది. పిల్లలు చెయ్యి పెడతారు. సరుకు పోతే మళ్లీ చేసుకోవచ్చు.

విశాఖ_వెల్డర్
గ్యాస్ టార్చ్‌తో అంచు చుట్టూ ఎర్రగా కాల్చి వదిలేయండి, బిగువు పోతుంది. ఇత్తడి తాత చేసినట్టే.

లోహం_మాస్టారు
దయచేసి అలా చేయకండి. ఇత్తడి వేరు, స్టెయిన్‌లెస్ వేరు. స్టెయిన్‌లెస్‌కి 450 నుంచి 850 డిగ్రీల మధ్య చాలా చెడ్డ చోటు. అక్కడ ఆగితే క్రోమియం కార్బన్‌తో కలిసి కణాల అంచుల దగ్గర చేరిపోతుంది, ఆ చుట్టుపక్కల తుప్పు ఆపేందుకు క్రోమియం మిగలదు. టార్చ్‌తో కాల్చినప్పుడు ఒక చోట 900, రెండు వేళ్ల అవతల 600. ఆ 600 పట్టీ వెంబడి ఏడాదిలో తుప్పు వస్తుంది. పప్పు డబ్బాలో ఉప్పు పోస్తే ఇంకా తొందరగా.

చేస్తే సరిగ్గా చేయాలి. 1050 డిగ్రీల బట్టీలో మొత్తం డబ్బా సమంగా వేడెక్కాలి, బయటికి తీయగానే గబగబా చల్లార్చాలి. నల్లటి పొర పడుతుంది, యాసిడ్‌లో పికిలింగ్ చేయించాలి. ఆ యాసిడ్ మీ షెడ్‌లో పెట్టకండి. నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ కలిపినది అది, చర్మం మీద పడితే ఎముక దాకా పోతుంది. అది చేసే వాళ్లకే జాబ్‌వర్క్‌కి ఇవ్వండి.

విశాఖ_వెల్డర్
తెలీక చెప్పాను మాస్టారూ. ఆ సలహా ఎవరూ పాటించకండి.

పూణె_స్టాంపింగ్
బాలానగర్ అన్నా, అనీలింగ్ చివర్లో కాదు, మధ్యలో పెట్టండి. మొదటి డ్రా 395 నుంచి 215, నిష్పత్తి 1.84. కష్టమంతా అక్కడే. అప్పుడు అనీల్ చేస్తే లోహం మళ్లీ మొదటికి వస్తుంది. తర్వాత 215 నుంచి 180కి 1.19 మాత్రమే, అంచు పెద్దగా నలగదు. పైగా మొదటి డ్రా అయిన రోజే బట్టీకి పంపాలి. వారం తర్వాత పంపితే బట్టీకి వెళ్లేలోపే పగులుతాయి.

మా దగ్గర కార్ల భాగాలకి షీట్ మీద చిన్న చిన్న వలయాలు ముద్రిస్తాం. డ్రా అయ్యాక ఏ వలయం ఎంత కోలగా సాగిందో కొలుస్తాం, ఎక్కడ లోహం అలసిపోతుందో తెలుస్తుంది. మీరు మార్కర్, కంపాస్‌తో 10 మి.మీ. వలయాలు గీసి చూడండి. అంచు దగ్గర గుండ్రటివి నిలువు కోడిగుడ్ల లాగా వస్తాయి. ఒకసారి చూస్తే జన్మలో మర్చిపోరు.

రాణీగంజ్_నూనెలు
చలే సమస్య అయితే సర్కిళ్లని వేడినీళ్లలో ముంచి లాగితే సరిపోదా? ఖర్చు లేదు.

డైఫిట్టర్_కుషాయిగూడ
0.7 మందం షీట్‌కి ఆ వేడి ఎంతసేపుంటుంది? చల్లటి డై మీద పెట్టగానే లాగేసుకుంటుంది. వేడెక్కించాల్సింది డై రింగ్‌ని, హోల్డర్‌ని. రింగ్ చుట్టూ రంధ్రాలు పెట్టి హీటర్ రాడ్లు దూర్చాలి, ఒక థర్మోస్టాట్. 80 నుంచి 100 డిగ్రీలు చాలు. పంచ్ మాత్రం చల్లగా ఉండాలి. అడుగు బలంగా ఉంటేనే అంచుని లాక్కొస్తుంది.

జాగ్రత్త ఒకటి. హోల్డర్ కింద వేడి ఆపే బోర్డు పెట్టకపోతే, కుషన్ పిన్నుల వెంట వేడి దిగి సిలిండర్ సీళ్లు పాడవుతాయి. తర్వాత నూనె కారుతోందని మళ్లీ ఇక్కడే ఇంకో చర్చ మొదలుపెడతారు. పీవీసీ ఫిల్మ్ కూడా ఆ వేడికి మెత్తబడుతుంది, డ్రా నూనెకి మారాలి. హీటర్ డిజైన్ తేలకపోతే బాలానగర్‌లోనే సీఐటీడీ (కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ) ఉంది కదా, 1968 నుంచి టూల్ డిజైనే నేర్పుతున్నారు. వెళ్లి అడగండి.

బాలానగర్_ప్రెస్
సీఐటీడీ మా షెడ్డు కాడికెళ్లి నడిచిపోయే దూరం. ఇన్నేండ్లల లోపలికి పోలే. రేపే పోత.

రాత్రి షిఫ్ట్ గూడ పెడుతున్న. ఇద్దరు పిలగాండ్లు కొత్తగ వచ్చిండ్రు. టైం తక్కువుంది.

రెండు_బటన్లు
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. ఈ చివరి మాట చూశాక ఊరుకోలేకపోతున్నాను.

నేను ప్రెస్ ఆపరేటర్‌ని. జీడిమెట్లలో ఒక షెడ్‌లో చేసేవాడిని. పేరు చెప్పను. ఇలాగే ఆర్డర్ తొందర, రాత్రి షిఫ్ట్. మా ప్రెస్‌కి రెండు బటన్లు, రెండు చేతులూ వాడితేనే దిగుతుంది. స్పీడ్ రావాలని ఒక బటన్‌ని సైకిల్ ట్యూబ్ ముక్కతో కట్టేశారు. కట్టింది వేరేవాళ్లు, కానీ అది చూసి కూడా పనిలో కూర్చున్నది నేను. తెల్లవారుజామున నాలుగున్నరకి సర్కిల్ కాస్త పక్కకి జరిగితే ఎడమ చేత్తో సర్దాను, కుడి చెయ్యి అలవాటుగా బటన్ మీద పడింది. హైడ్రాలిక్ ప్రెస్ నెమ్మదిగా దిగుతుంది కదా, తీసేయొచ్చు అనుకుంటారు. దిగేది కనిపిస్తూనే ఉంది, చెయ్యి రాలేదు. గ్లవ్ చిక్కుకుంది. చూపుడు వేలు, మధ్య వేలు రెండేసి కణుపులు పోయాయి.

అన్నా, ఆ ఇద్దరు పిల్లల్ని రాత్రి షిఫ్ట్‌లో ప్రెస్ మీద పెట్టకండి. పెడితే మీరు పక్కనుండండి. బటన్లకి ఏదైనా కట్టి ఉందేమో రోజూ మీరే చూడండి. డై మార్చేటప్పుడు కింద దిమ్మె పెట్టకుండా చెయ్యి పెట్టనివ్వకండి. మెషీన్‌కి రక్షణ ఉండాలని అప్పటి 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లోనే ఉండేది, కానీ ఆ రాత్రి మా షెడ్‌లో చట్టం లేదు, నేనూ, ఆ ట్యూబ్ ముక్కా ఉన్నాం.

బాలానగర్_ప్రెస్
అన్నా, నీ పోస్టు చదివి లేచి పోయి చూసిన. ట్యూబ్ గాదు గని ఎడమ బటన్ సందుల చెక్క పుల్ల పెట్టి ఉంది. నాకు తెల్వదు. పెట్టినోడిని తిట్టలే, తీసి నా జేబుల వేసుకున్న. రాత్రి షిఫ్ట్ బంద్ చేసిన. ఆర్డర్ ఇచ్చిన సేటుకు ఫోన్ చేసి వారం ఎక్కువ అడిగిన. గొణిగిండు గని ఒప్పుకున్నడు.

రెండు_బటన్లు
సంతోషం అన్నా.

లోహం_మాస్టారు
బట్టీ, హీటర్లు ఏది చేసినా ఫలితం ఎలా చూడాలో చెబుతాను. పగులుతుందా అని రోజుల తరబడి ఎదురుచూడక్కర్లేదు. డబ్బా అంచు నుంచి ఒక 10 మి.మీ. ఉంగరం కోయండి. ఆ ఉంగరాన్ని ఒక చోట అడ్డంగా తెగ్గోయండి. లోపల బిగువు ఉంటే నోరు తెరుచుకుంటుంది, ఎంత తెరుచుకుంటే అంత బిగువు. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి, ఒక్కసారిగా విచ్చుకుంటుంది.

బాలానగర్_ప్రెస్
చేసిన మాస్టారూ. ఇప్పుడున్న డబ్బా ఉంగరం హ్యాక్సా చివరి పండ్లు దాటంగనే 'టంగ్' మని విచ్చుకుంది. కొసల నడుమ నా జానెడు పట్టింది. ఇంత బిగువు పెట్టుకొని ఆ డబ్బా రాత్రంత బల్ల మీద చక్కగ కూసున్నదా అనిపించింది. మా పనోళ్లందరిని పిలిచి చూపించిన.

పూణె_స్టాంపింగ్
ఆ ఉంగరం పారేయకండి, గోడకి వేలాడదీయండి. కొత్తగా వచ్చే ప్రతి కుర్రాడికీ మొదటి పాఠం అదే.

బాలానగర్_ప్రెస్
చాన రోజులకు రాస్తున్న. సీఐటీడీల సార్లు మంచిగ మాట్లాడిండ్రు, హీటర్ రింగ్ బొమ్మ గీసిచ్చిండ్రు. ఆ 900 సర్కిళ్లలకెళ్లి, కొత్తగ తెచ్చిన 304లకెళ్లి ఇరవై ఇరవై తీసి నాలుగు తీర్ల చేసిన. ప్రతి డబ్బా మీద మార్కర్‌తోని తారీఖు, టైం రాసి ర్యాక్‌ల పెట్టిన. ఇయ్యాలటికి పన్నెండు రోజులు.

పాత పద్ధతి, చల్లటి డై: 20ల 6 పగిలినయ్, అందుల నాలుగు మొదటి రాత్రికే. డై 90 డిగ్రీలు: 20ల 3, అవి గూడ నాలుగైదు రోజులకు. తగ్గింది గని పూర్తిగ పోలే. నడుమ అనీలింగ్ చేయించినవి: 20ల ఒక్కటి గూడ లేదు, ఉంగరం రెండు వేళ్ల సందు అంతే తెరుచుకుంది. 304, అనీలింగ్ లేకుండ: ఒక్కటి గూడ లేదు.

అనీలింగ్, పికిలింగ్, మళ్ల పాలిష్. ఈ మూడింటి ఖర్చు లెక్కేస్తే 304 ధరకు దగ్గరకొచ్చింది. మిగిలిన సర్కిళ్లు అనీలింగ్‌తోని అయిపోగొడత. ఇవి అయిపోయినంక 304 తప్ప కొనను, బిల్లు మీద గ్రేడ్, హీట్ నంబర్ (మిల్లుల ఆ స్టీల్ కరిగించిన విడత నంబర్), మిల్లు సర్టిఫికెట్ లేంది లారీ దింపుకోను.

షాపులకు పోయిన 600ల 380 వాపస్ వచ్చినయ్. మిగతావి అమ్ముడు పోయినయట. షాపోళ్లకు చెప్పిన, ఎవరన్న పగిలిన డబ్బా తెస్తే మాట్లాడకుండ కొత్తది ఇయ్యమని, పైసలు నావి.

డైఫిట్టర్_కుషాయిగూడ
వేడి డైతో 3 పగిలాయన్నారు కదా, వాటి మందం కొలిచారా? అంచు దగ్గర షీట్ మందం పెరుగుతుంది. మీ క్లియరెన్స్ 0.8 అంటే అక్కడ గోడ నలిగి పలచబడుతూ ఉండొచ్చు, అది ఒక రకంగా మంచిదే, బిగువు తగ్గిస్తుంది. ఒకసారి మైక్రోమీటర్‌తో అంచు, నడుమ, అడుగు కొలిచి ఇక్కడ పెట్టండి.

బెజవాడ_ఆటోనగర్
వాచ్‌మన్ తాత ఏమంటున్నాడు బ్రో?

బాలానగర్_ప్రెస్
@బెజవాడ: తాతకు చెప్పిన. ఇప్పుడు రాత్రి ర్యాక్ పక్కనే కుర్చీ ఏసుకుంటున్నడు, సప్పుడైతే టైం రాసి పెడుతున్నడు. ఆ చల్లటి డై ఆరింటిల నాలుగింటి టైం ఆయన రాసిందే.

@డైఫిట్టర్: రేపు కొలిచి పెడత అన్నా.